కంచు బొమ్మల నోట కల్లపాట

కేతకీపురం కోటబురుజుల మీద ఆ ఉదయం ఎండ మిలమిలలాడుతున్న తీరు చూస్తే, ఆ కోటలో మహారాణి మణిమేఖలాదేవి కన్నుమూసి నిండా పక్షమైనా కాలేదని ఎవరూ అనుకోరు. రాజవీధి పొడవునా అరటిబోదెలు నిలబెట్టారు. మేడల అంచుల నుంచి జరీ పరదాలు జలపాతాల్లా జాలువారుతున్నాయి. దంతాలకు బంగారు పొన్నులు తొడిగించుకున్న ఏనుగులు పన్నీటి బాట మీద బారులు తీరి, చెవులు విసురుకుంటూ పట్టాభిషేక ముహూర్తం కోసం కాచుకుని ఉన్నాయి. అంత అలంకారంలోనూ ఊరి జనం ముఖాలు మాత్రం వాడిన తమలపాకుల్లా ఉన్నాయి.

రేవులో పడవ దిగిన వకుళకు ఇవేవీ కళ్లకు ఆనలేదు. ఆమె నడుస్తున్నదల్లా ఠక్కున ఆగిపోయింది. కోటలోంచి పాట వినిపిస్తోంది.

ఆ పాటలో నాలుగు గొంతులున్నాయి. మబ్బుల్లోకి బాణంలా దూసుకుపోయే గొంతు మంజులికది. మల్లెతీగా జాజితీగా పెనవేసుకున్నట్టు సాగే రెండు గొంతులు అక్కాచెల్లెళ్లు రేవా పంపలవి. నడుమ నిండుకుండలా తొణక్కుండా నిలిచినది పెద్దక్క తారావళిది. ఆ నలుగురితో తానూ చేరితేనే పంచకంఠి మేళం. ఏడు దేశాల్లో ఏ కొలువుకు వెళ్లినా అయిదుగురూ కలిసే పాడతారు; ఒకరు లేకుంటే మిగతావారు కొలువులో నోరు విప్పరు. అది ఆ మేళం కట్టుబాటు. రాణి పోవడానికి ముందే వకుళ కొండతేనె కోసం కిన్నెరగిరి వెళ్లింది. తిరుగుదారిలో చావుకబురు విని, ఏడ్చుకుంటూ వచ్చింది.

ఇప్పుడు తాను లేకుండానే ఆ నలుగురూ పాడుతున్నారు. ఏం పాడుతున్నారు?

"దుర్జయ భూపతి దొరలకు దొరయే, ధర్మము నిలిపిన దయగల రాజే..."

వకుళకు అరికాలి మంట నెత్తికెక్కింది. దుర్జయుడు నిన్నటిదాకా సేనాపతి. రాణిగారికి రాత్రికి రాత్రి ఊపిరి ఆగిపోతే, తెల్లవారేసరికి ఖజానా తాళాలు వాడి మొలకు వేలాడాయట. మేళాన్ని కన్నబిడ్డల్లా సాకిన తల్లి చితి చల్లారకముందే ఆ దుర్మార్గుడికి స్తోత్రమా?

"సిగ్గులేని దేభ్యాల్లారా!" అని పళ్లు పటపట కొరికింది. తేనె కుండను రాతి మీద ఎత్తి కొట్టి, కొంగు బిగించి, గాయనుల మేడ వైపు గాలిలా పరుగెత్తింది.

మేడ తలుపు ఒక్క తన్నుతో తెరిచింది. "తారావళక్కా! నోట్లో మట్టి కొట్టుకోలేకపోయారా? వాడి పాట పాడటానికి నోరెలా వచ్చింది?"

లోపల నలుగురూ ఉన్నారు. తారావళి గోడకు ఆనుకుని కూర్చుంది. రేవా పంపలు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఉన్నారు. మంజులిక గది మధ్య నిలబడి ఉంది, చుట్టూ పగిలిన పెంకులు. ఎవరి పెదవులూ కదలడం లేదు. అయినా కోటలోంచి వాళ్ల పాట వస్తూనే ఉంది!

వకుళ నిలువునా కొయ్యబారిపోయింది.

మంజులిక ఆమె భుజాలు పట్టుకుని, నోరు తెరిచి, మెడ నరాలు తేలేలా అరిచింది. ఊపిరి తప్ప మరేమీ రాలేదు.

"ఏమైంది? ఎవరు చేశారిది? చెప్పు పెద్దక్కా!"

తారావళి లేచింది. ముప్ఫై ఏళ్లు అభినయం చేసిన చేతులవి. ఒక్కొక్క ముద్ర పడుతూంటే వకుళ కళ్లకు కట్టినట్టు చూసింది: పడకగదిలో రాణి, తెర వెనక నలుగురూ జోలపాట పాడుతున్నారు. పాలగిన్నెతో వచ్చినవాడు మీసం మెలేశాడు, దుర్జయుడు. వాడి ఉంగరం మూత తెరుచుకుంది, పొడి పాలలో రాలింది. తెర సందులోంచి నలుగురూ చూశారు. వాళ్లు చూడటం వాడూ చూశాడు.

తర్వాత తారావళి ఒక కన్ను వేళ్లతో పెద్దది చేసి చూపింది. ఆ కన్ను ఎవరిదో వకుళకు తెలుసు. పసుపుపచ్చని ఒంటికన్ను మాంత్రికుడు పింగళకేతుడు. వాడు కంచు బొమ్మల్ని తెచ్చి నలుగురి ముందూ నిలబెట్టాడు. "మీ రాణికి కడసారి శోకగీతం పాడుకోండమ్మా" అన్నాడు. వీళ్లు గుండె కరిగి పాడారు. పాడుతూండగానే గొంతులు జారి బొమ్మల్లోకి వెళ్లిపోయాయి.

చివరికి తారావళి అయిదు వేళ్లు చూపి, వకుళ గుండె మీద వేలుపెట్టి పొడిచింది. మధ్యాహ్నపు సూర్యుణ్ణి చూపింది. గొంతుక మీద చెయ్యి అడ్డంగా లాగింది.

వకుళకు అర్థమైంది. కేతకీపురం సింహాసనాన్ని రాతి సింహాలు రెండు మోస్తాయి. పంచకంఠి మేళం అయిదు గొంతులా కలిసి పట్టగీతం పాడితే ఆ సింహాలు మేలుకుని, కూర్చున్నవాడికి తల వంచుతాయి. పాట లేకుండా కూర్చున్నవాణ్ణి చీల్చేస్తాయి. నాలుగు గొంతులు దొరికాయి. అయిదో గొంతు తనది. మధ్యాహ్నం లోపల అదీ దొరికితే దుర్జయుణ్ణి ఇక దేవుడు కూడా దింపలేడు. పట్టగీతం ముగిసిందంటే అయిదు గొంతులూ కంచులోనే గడ్డకట్టిపోతాయి.

"అంటే వీళ్లని చంపకుండా ఉంచింది..." అంటూండగానే వెనక నుంచి నవ్వు వినిపించింది.

"నీకోసమేనే వకుళా! ఎరకు చేప రాకుండా ఎక్కడికి పోతుంది?" దళవాయి కొండమల్లు అటక మీంచి దూకాడు. ధాన్యపు గాదె వెనక నుంచి ఇద్దరు భటులు కత్తులు దూసి వచ్చారు.

"గొంతుకు దెబ్బ తగలకూడదర్రా! మిగతా ఒళ్లంతా మనిష్టం!" అని కొండమల్లు ఉరిమాడు.

ఆ మాటతో మంజులిక కళ్లు చింతనిప్పులయ్యాయి. మూలనున్న రోకలి అందుకుని వాడి మూతి మీద ఒక్కటిచ్చింది. దళవాయి పళ్లు ముత్యాల్లా రాలాయి. రేవా పంపలు నేల మీది జంబుఖానా చెరో కొసా పట్టుకుని భటుల మీద బోర్లించి మూటకట్టారు. ఆ మూట మీద తారావళి ఇత్తడి గంగాళం దొర్లించింది. వకుళ కొండమల్లు వీపు మీద మోకాలు వేసి, వాడి తలపాగాతోనే చేతులు కట్టేసింది. అంతా రెండు జాముల్లో నూరే గంధం రెండు చిటికెల్లో నూరినట్టు జరిగిపోయింది.

"పారిపోదాం" అన్నట్టు పంప పెరటి తలుపు చూపింది.

"ఎక్కడికే?" అంది వకుళ. "ఏ అడవికి పోయినా ఆ పాట వినబడుతూనే ఉంటుంది. మన గొంతులతో మనల్నే తిట్టించుకుంటూ బతుకుదామా? నేను కోటలోకే పోతాను. మీరూ వస్తారు, నా బందీలుగా!"

మేళంలో మగవేషం ఎప్పుడూ వకుళదే. ఆమెది మంద్రస్వరం, పాతాళం లోంచి నగారా మోగినట్టుంటుంది. వేషాల పెట్టెలోంచి బవిరిమీసం తీసి అతికించుకుంది. కొండమల్లు చొక్కా తొడిగి, కత్తి కట్టి, వాడి నెత్తురంటిన గుడ్డనే మూతికి చుట్టుకుంది. నలుగురి చేతులకూ పైకి మాత్రం బిగువుగా కనబడేలా తాళ్లు చుట్టి, ముందు నడిపించుకుంటూ కోట వైపు బయల్దేరింది.

మొదటి ద్వారం దగ్గర భల్లెం అడ్డం పడింది. "ఎవరది? సంకేతపదం చెప్పు!"

"దళవాయిని పట్టుకుని సంకేతం అడుగుతావుట్రా కుంకా?" అని వకుళ గర్జించింది. "ఈ రాకాసి పిల్ల నా మూతి పగలగొట్టింది, కనబడటం లేదూ? మహారాజు ముహూర్తం మించిపోతే, రేపు ఈ గుమ్మానికి తోరణంగా వేలాడేది నీ తలకాయే! అదే సంకేతం! జరుగు!"

కావలివాడు గతుక్కుమని భల్లెం ఎత్తేశాడు. రెండో ద్వారంలో అడగకముందే తలుపులు తెరుచుకున్నాయి. వకుళ అరుపు అప్పటికే అక్కడికి చేరింది.

కొలువుకూటం చూసి తీరవలసిందే తప్ప చెప్పనలవి కాదు. నూరు పచ్చరాతి స్తంభాలు, ప్రతి స్తంభం మీదా పాము చుట్టినట్టు పగడాల తీగ. నేల అద్దంలా మెరుస్తూ, నడిచేవాళ్ల పాదాల కింద మరో లోకం తలకిందులుగా నడుస్తున్నట్టు భ్రమ గొలుపుతుంది. పైన తామరమొగ్గ ఆకారంలో పెద్ద గుమ్మటం. దాని కింద పాడిన పాట ఊరి కొసన ఉన్న చాకిరేవు దాకా వినబడాలని పూర్వపు రాజులు అలా కట్టించారు. గుమ్మటం కింద సింహాసనం, దాని కిందుగా కళ్లు మూసుకుని పడుకున్న రెండు రాతి సింహాలు.

సింహాసనానికి ఎదురుగా అయిదు పీఠాలు. నాలుగింటి మీద నిలువెత్తు కంచు బొమ్మలు నోళ్లు తెరిచి, రెప్ప వేయకుండా దుర్జయుణ్ణి పొగుడుతున్నాయి. మంజులిక గొంతులోని కొంటెతనం, తారావళి గొంతులోని పెద్దరికం, అన్నీ ఆ కంచు పెదవుల మధ్య నలుగుతున్నాయి. అయిదో బొమ్మ నోరు మూసుకుని ఉంది.

"దళవాయీ! అయిదోది ఏదిరా?" పట్టువస్త్రాల్లో ఉబ్బిపోతూ దుర్జయుడు ముందుకొచ్చాడు. వాడి పక్కనే పింగళకేతుడు, ఎముకల దండ, వీపున తోలుసంచి, నుదుటి కింద పసుపుపచ్చగా మెరిసే ఒంటికన్ను.

"తప్పించుకుంది ప్రభూ. దాని జాడ వీళ్లకి తెలుసు. బొమ్మల ముందు నిలబెడితే భయపడి చూపిస్తారని తెచ్చాను" అంది వకుళ తలవంచి.

పింగళకేతుడు ముక్కు ఎగబీల్చాడు. "నీ మాటలో ఏదో సొంపు వినబడుతోంది దళవాయీ. ఇదివరకు నీ గొంతు గాడిదది కదా?"

ఆ క్షణంలో మంజులిక తన గొంతు మోస్తున్న బొమ్మ ముందు నిలబడి ఉంది. తన గొంతే "దయగల రాజే" అంటూ తన ముఖం మీద పాడుతూంటే ఎంతసేపని ఓర్చుకుంటుంది? చేతి తాళ్లు విసిరికొట్టి, బొమ్మ మీదకి దూకి, రెండు చేతులా పట్టి పీఠం మీంచి లాగేసింది. ఖంగుమని బొమ్మ నేలకూలింది. దాని కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగిపోయింది.

అదే క్షణంలో మంజులిక కుడిచెయ్యి మోచేతి దగ్గర వాలిపోయింది. ఆమె మూగగా నోరు తెరిచి మోకాళ్ల మీద కుప్పకూలింది. కింద పడ్డ బొమ్మ మాత్రం స్తోత్రం ఆపలేదు.

"చూశావటే పిచ్చిపిల్లా? బొమ్మకు పగులు వస్తే మనిషికీ వస్తుంది. నీ బొమ్మను నువ్వే పగలగొట్టుకో, నాకేం?" అన్నాడు మాంత్రికుడు.

దుర్జయుడు పకపకా నవ్వాడు. "పోనీలెండి! పాటకి చెయ్యెందుకు?"

ఆ మాట విన్నాక వకుళకు వేషం గుర్తులేదు, ఉపాయం గుర్తులేదు. మూతిగుడ్డ చింపి, మీసం ఊడబెరికి వాడి ముఖాన కొట్టింది.

"పాటకి ఏం కావాలో చెబుతాను వినరా హంతకుడా!"

భటులు కత్తులెత్తేలోపలే ఆమె నోరు తెరిచి మంద్రంలో షడ్జమం పట్టింది. పచ్చరాతి స్తంభాలు జుమ్మన్నాయి. కంచు బొమ్మల పాట తడబడింది. ఏళ్ల తరబడి ఆ నాలుగు గొంతులూ ఈ శ్రుతి ఎటు పోతే అటే పోయాయి. ఆమె ఆధారం, వాళ్లు తీగలు. కంచులో బంధించినా ఆ అలవాటు చావలేదు. నాలుగు కంచు తలలు కిర్రుమంటూ వకుళ వైపు తిరిగాయి. స్తోత్రం సగంలో తెగిపోయింది.

వకుళ స్వరం కట్టి అడిగింది:

"పట్టపు తల్లికి పాలు తెచ్చినదెవ్వడు?"

నాలుగు బొమ్మలూ జవాబిచ్చాయి. తెర వెనక నిలబడి కళ్లారా చూసిన గొంతులవి, అబద్ధమాడవు.

"దుర్జయుడు!"

ఆ పేరు గుమ్మటాన్ని తాకి, ఊరంతా వాన పడ్డట్టు పడింది. రాజవీధిలో ఏనుగులు తొండాలెత్తాయి. మంగలి మంగలికత్తి ఆపాడు. బియ్యం చెరుగుతున్న ఆడవాళ్లు చేటలు కింద పెట్టారు.

"ఆపండ్రా దాన్ని! నరకండి!" దుర్జయుడి కేకకు భటులు ముందుకు ఉరికారు.

"ఆగండి!" పింగళకేతుడు మరింత గట్టిగా అరిచాడు. వాడి ఒంటికన్ను సంతోషంతో నిమ్మపండులా వెలిగింది. "ఎవరూ ముట్టుకోవద్దు! పాడనీ! పాడమ్మా, ఇంకా పాడు!"

అయిదో బొమ్మ పెదవులు విడివడుతున్నాయి. వకుళ గొంతులోంచి చన్నీటి ధార జారిపోతున్నట్టుంది. నోరు మూసుకుంటే గొంతు మిగులుతుంది. తారావళి రెండు చేతులూ ఊపి, వద్దు వద్దు అని తల బాదుకుంటోంది. వకుళ పెద్దక్కను చూసింది. నేల మీద చెయ్యి వేలాడేసుకుని పడి ఉన్న మంజులికను చూసింది. ఊపిరి గుండెలనిండా పీల్చింది.

"ఉంగరపు మూతలో విషమును దాచినదెవ్వడు?"

"దుర్జయుడు!"

"చితిమంట ఆరకముందె గద్దెను కోరినదెవ్వడు?"

ఈసారి అయిదో బొమ్మ కూడా నోరు తెరిచింది. వకుళ పెదవులు కదులుతున్నాయి గానీ పాట పీఠం మీంచి వచ్చింది. అయిదు కంచు గొంతులూ ఒక్కటిగా, కోట పునాదులు అదిరేలా, "దుర్జయుడు!" అన్నాయి.

రాతి సింహాలు కళ్లు తెరిచాయి.

అయిదు గొంతులు కలిసి పాడితే మేలుకోవడమే వాటికి తెలుసు. మేలుకోగానే విన్నది స్తోత్రం కాదు. జూలు విదిల్చుకునేసరికి గచ్చు రాలింది. ఆవులించేసరికి కొలువుకూటం దీపాలు ఆరిపోయాయి. మొదటి సింహం దుర్జయుడి వైపు అడుగు వేయగానే, ఆ మహావీరుడు కిరీటం వదిలేసి, పట్టుపంచె ఎగ్గట్టి, పచ్చరాతి స్తంభం మీదకి ఉడుతలా పాకాడు.

"పింగళా! రక్షించు! నీకు సగం రాజ్యం ఇస్తాను!"

"ఉంచుకో నాయనా" అన్నాడు మాంత్రికుడు బూడిద చల్లుతూ. "అయిదు గొంతులూ నా చేతికొచ్చాయి. లోకంలో సింహాసనాలకు కొదవా?"

బూడిద పడ్డ బొమ్మలు అయిదూ జానెడంత కుదించుకుపోయాయి. వాటిని తోలుసంచిలో వేసుకుని, వాడు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. గుమ్మటం ఫెళ్లున పగిలింది. రెండు తలల గండభేరుండం రెక్కలు ముడిచి, పెనుగాలితో లోపలికి దిగింది. పింగళకేతుడు దాని వీపు మీదకి ఎగిరి కూర్చున్నాడు.

కోట బయట జనసముద్రం తలుపులు గుద్దుతోంది. దుర్జయుణ్ణి సింహాలు చూసుకుంటాయి, సింహాలు వదిలేస్తే జనం చూసుకుంటారు. కానీ గొంతులు పోతున్నాయి! వకుళ పరుగెత్తి, పీఠం మీదకి ఎక్కి, అక్కడి నుంచి గాలిలోకి దూకి పక్షి కాలు పట్టుకుంది. కింద తారావళి చేతులు చాచి నిలబడ్డ రూపం చూస్తూండగానే చీమంతయి మాయమైపోయింది.

మబ్బులు ముఖాన చరుస్తున్నాయి. కోటలు, కొండలు, చెరకుతోటలు కింద గిర్రున తిరుగుతున్నాయి. సంచిలో బొమ్మలు నోరు మూయడం లేదు. "గద్దెను కోరినదెవ్వడు?" అని ఒకటి అడుగుతుంది. "దుర్జయుడు!" అని నాలుగు అరుస్తాయి. పొలాల్లో రైతులు తలలెత్తి ఆకాశం వైపు చూస్తున్నారు.

"నోరు ముయ్యండే!" అని మాంత్రికుడు సంచి మీద గుద్దాడు. మంత్రం వేశాడు. ఉమ్మాడు. లాభం లేకపోయింది. అప్పుడు కిందికి చూశాడు. పక్షి కాలు వెంబడి, పొలుసు తర్వాత పొలుసు పట్టుకుని, వకుళ పైకి పాకుతోంది. వేళ్లు కోసుకుపోయి నెత్తురు కారుతోంది. ఆమె చూపులో ఉన్న కసి చూసి వాడి ఒంటికన్ను రెపరెపలాడింది.

కింద నేల అయిపోయింది. నల్లని సముద్రం మొదలైంది.

పింగళకేతుడు సంచిలోంచి ఒక బొమ్మను తీసి, చెయ్యి చాచి శూన్యంలో పట్టుకున్నాడు. అది వకుళ బొమ్మ.

"ఆగు! ఇంకొక్క జానెడు పైకి వచ్చావంటే వదిలేస్తాను! సముద్రంలోని రాళ్ల మీద పడి ముక్కలవుతుంది. దాంతోపాటు నువ్వూ ముక్కలవుతావు!"

ఆమెకు జవాబు చెప్పడానికి గొంతు లేదు. వాడి ముఖం మీద ఉమ్మడానికి ఉమ్ముంది. ఉమ్మి, మరో గుప్పెడు ఈకలు పట్టుకుని తన్ను తాను పైకి లాక్కుంది.

మాంత్రికుడు వేళ్లు విప్పాడు.

బొమ్మ జారింది. "ఎవ్వడు?" అంటూనే జారింది. వకుళ ఆలోచించలేదు. ముందుకు వంగిన పింగళకేతుడి భుజం నుంచి వేలాడుతున్న సంచి పట్టెను రెండు చేతులా దొరకబుచ్చుకుని, కాళ్లు వదిలేసింది. ఆమె బరువుకి పట్టె పటుక్కున తెగింది. వాడి పెడబొబ్బ మబ్బుల్లో ఉండిపోయింది. నాలుగు గొంతుల సంచిని గుండెకు కరుచుకుని, తన గొంతు వెనకాలే, తలకిందులుగా వకుళ సముద్రంలోకి దూసుకుపోతోంది. ముందు పడిపోతున్న బొమ్మ అడుగుతూనే ఉంది. సంచిలోంచి నాలుగు గొంతులూ ఆ హంతకుడి పేరు ఎలుగెత్తి చెబుతూనే ఉన్నాయి.